చెరకు తోటల్లో రామలీల: వలస రచయితకు నేలతో లంకె ఎక్కడ పడుతుంది?

పీటల మీద కూర్చోగానే పంతులుగారు ముందు చెప్పించేది మన అడ్రసు. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే అంటూ పెద్ద మ్యాపుతో మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య కూర్చున్నామో దాకా దిగుతారు. బెజవాడలో అయితే శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే. ఊరు మారితే దిక్కు మారుతుంది. ఆ తర్వాతే సంవత్సరం, అయనం, ఋతువు, తిథి, చివరాఖరికి గోత్రం, పేరు. నువ్వెవరివో చెప్పేకన్నా ముందు ఎక్కడున్నావో చెప్పుకోవాలన్నమాట.

అమెరికా వెళ్లిన పంతుళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వచ్చింది. శ్రీశైలం అక్కడికి ఏ దిక్కో ఎవడు చెప్పాలి? చాలామంది క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని మొదలుపెట్టి దగ్గర్లో పారే నదుల పేర్లు కలిపేస్తున్నారు. పురాణాల్లో ఉన్న ద్వీపాల్లోంచి ఒకదాన్ని తీసి అమెరికాకు అంటించేశారు. వింటే నవ్వొస్తుంది గానీ ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. 1976లో పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్‌లో కొండ మీద వేంకటేశ్వరుడి గుడి వెలిసినప్పుడు, ఆ గుడివాళ్లు తమ ఊరికి ఒక స్థలమాహాత్మ్యం రాసుకున్నారు. అలిగెనీ, మొనాంగహీలా నదులు అక్కడ కలుస్తాయి, మూడోది భూమి లోపల పారుతూ డౌన్‌టౌన్‌లోని ఫౌంటెన్ గుండా పైకొస్తుంది, కొండా ఉంది, చెట్లూ ఉన్నాయి, ఇంతకన్నా స్వామికి అనువైన చోటేది అని. అంతర్వాహినితో సహా త్రివేణీ సంగమం దొరికేసింది. ఉక్కు ఫ్యాక్టరీల ఊరికి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రవాస సాహిత్యం అనగానే మనవాళ్ల నోట రెండు మాటలు దొర్లుతాయి. ఒకటి మట్టివాసన, రెండోది బెంగ. ఊరొదిలినవాడు ఊళ్లో చెట్టూ చేమా, పండగా పబ్బం తలుచుకుని రాస్తాడు, చదివినవాడు కళ్లు తుడుచుకుంటాడు, అక్కడితో సరి. ఈ లెక్క నాకు ఎప్పుడూ కుదరలేదు. బెంగ చూసిన ఊరి మీద ఉంటుంది. ముత్తాత ఓడెక్కితే మునిమనవడు కలం పట్టిన చోట, పుట్టి బుద్ధెరిగి చూడని ఊరి మీద బెంగేమిటి? మరి అలాంటి చోట్ల కూడా పూజలూ కర్మకాండలూ కథల్లో అంత గట్టిగా ఎందుకు కూర్చున్నాయి?

కాస్త విడదీసి చూద్దాం. వలస రచయిత అనే ఒక్క మాట కింద మనం కనీసం మూడు రకాల మనుషుల్ని కుక్కుతున్నాం. అయిదేళ్ల అగ్రిమెంటు మీద చెరకు కోతకు తీసుకెళ్లిన కూలీల మనవలు ఒక రకం. వీళ్లకు పాత నేల తెలీదు, కానీ ఆ నేల మీద పుట్టిన పూజ ఇంట్లో ఉంది. చదువుకో ఉద్యోగానికో తమంతట తాము వెళ్లినవాళ్లు ఇంకో రకం. వీళ్లకు రెండు నేలలూ తెలుసు, విమానం టికెట్టు కొంటే వెనక్కి రావచ్చు. కాబట్టి పూజ చెయ్యడమో మానడమో వాళ్ల ఇష్టం. కర్ఫ్యూలు, యుద్ధాలు ఊరికి దారి మూసేసినవాళ్లు మూడో రకం. ముగ్గురికీ నేలతో, కర్మతో ఉన్న లంకె మూడు రకాలుగా ఉంటుంది. మొదటి రకం దగ్గరే విషయం బాగా తేటపడుతుంది కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఉందాం.

ట్రినిడాడ్. వెనిజులా తీరానికి కాస్త ఎడంగా ఉన్న చిన్న దీవి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు పనివాళ్లు కావాల్సి వచ్చింది. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి విడత భారతీయ కూలీలను అక్కడ దింపింది. 1917లో ఈ పద్ధతి ఆగేసరికి లక్షా నలభై వేలకు పైగా జనం వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కిన యూపీ, బీహార్ వాళ్లు, కొంతమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. మే 30 ఇప్పటికీ అక్కడ సెలవు రోజు. వీళ్లతో పాటు తులసీదాసు రామాయణం వెళ్లింది, దాని వెంట ఆ కథను ఊరంతా కలిసి ఆడే రామలీల వెళ్లింది.

దీవి మధ్యలో కరోనీ మైదానం. ఒకప్పటి చెరకు భూములు. అందులో ఫెలిసిటీ అని ఒక పల్లె, దాన్ని ఆనుకునే చాగ్వానాస్ అనే ఊరు. ఇద్దరు నోబెల్ రచయితలు, డెరెక్ వాల్కాట్ 1992లో, వి.ఎస్. నైపాల్ 2001లో, తమ నోబెల్ ఉపన్యాసాల్లో ఈ పక్కపక్క ఊళ్ల గురించే మాట్లాడారు. ప్రపంచమంతా వింటున్న రోజున ఇద్దరూ మాట్లాడింది ఈ చెరకు ఊళ్ల గురించి! ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదన్న సంగతి కూడా తెలిస్తే ఇది ఇంకా రుచిగా ఉంటుంది.

వాల్కాట్ భారతీయుడు కాడు, ట్రినిడాడ్‌లో పుట్టినవాడూ కాడు. సెయింట్ లూసియాలో, క్యాథలిక్ దీవిలో మెథడిస్టు (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) కుటుంబంలో 1930లో పుట్టాడు. ట్రినిడాడ్‌కు తర్వాత వచ్చాడు, నాటకాల కంపెనీ పెట్టాడు. తన ఉపన్యాసాన్ని ఫెలిసిటీ రామలీలతోనే ఎత్తుకుంటాడు. అమెరికా నుంచి వచ్చిన స్నేహితులను వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లాడట. మైదానంలో జెండాలు, విల్లంబులు పట్టుకున్న కుర్రాళ్లు, ఒక పక్కన నేల మీద పెద్ద పెద్ద వెదురు చట్రాలు పడి ఉన్నాయి. అవి ఇంకా నిలబెట్టని బొమ్మ తాలూకు అవయవాలు, తొడో పిక్కో. కట్టి నిలబెట్టి ఆఖర్న తగలబెడతారు.

ఇక్కడ వాల్కాట్ తనను తానే పట్టుకుంటాడు. రచయితకు ఉండే అలవాటు కొద్దీ తాను ఆ ఆటలో ఏదో పోగొట్టుకున్న దుఃఖాన్ని వెతికానని, పోయిన సైన్యాలనీ గుళ్లనీ ఏనుగులనీ ఊహించుకున్నానని, నిజానికి చుట్టూ ఉన్నది సంబరం తప్ప మరేం కాదని అంటాడు. ఆ పిల్లలకు భారతదేశం పోయింది ఎప్పుడు గనక? వాళ్లు దాన్ని చూస్తేగా పోవడానికి. వాళ్లు నటిస్తున్నామనీ అనుకోవడం లేదు, నాటకం అన్న మాటే తాను తగిలించింది అని ఒప్పుకుంటాడు. తర్వాత సాయంత్రం కరోనీ చిత్తడి నేలల్లో ఎర్రటి ఐబిస్ కొంగలు మడ చెట్ల మీద వాలే దృశ్యాన్ని ఈ రామలీల పక్కనే పెడతాడు. ఆ కొంగ ట్రినిడాడ్ జాతీయ పక్షి, అయోధ్యలో ఉండదు. రామలీలను ఆ మడచెట్ల మధ్య, ఆ కొంగల మధ్య చూడగలిగితేనే అది ట్రినిడాడ్ రామలీల అవుతుంది.

విమర్శకులు పేజీలకు పేజీలు రాసినా తేలని విషయం ఆ రెండు మూడు పేరాల్లో తేలిపోయిందని నా అభిప్రాయం. పూజ పాత నేలను గుర్తు చేసుకోవడానికి జరగడం లేదు. కొత్త నేల మీద కాళ్లు ఊనుకోవడానికి జరుగుతోంది.

దీన్ని మాటల్లో కాకుండా రాళ్లతో చేసి చూపించిన మనిషి కూడా ఆ దీవిలోనే ఉన్నాడు. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో వాటర్లూ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున చిన్న గుడి కట్టుకున్నాడు. ఆ స్థలం చక్కెర కంపెనీది. పీకెయ్యమన్నారు, అతను పీకలేదు. 1952లో కూల్చేశారు, అతనికి జైలు, జరిమానా. బయటికొచ్చాక సాధు వేసిన లెక్క ఇదీ: నేలకు యజమాని ఉన్నాడు, సముద్రానికి లేడు. సైకిల్ మీద రాళ్లూ సిమెంటూ మోసుకొచ్చి, ఆటుపోట్ల మధ్య బురదలో పోస్తూ, ఏళ్ల తరబడి ఒక్కడే సముద్రంలోకి దారి వేసి దాని కొసన గుడి కట్టాడు. 1990ల్లో ప్రభుత్వమే దాన్ని బాగు చేయించింది. ఇప్పుడది టూరిస్టులకు చూపించే చోటు. కూలిపని చేసేవాడికి ఆ దేశంలో సెంటు భూమి లేదు, పూజ చేసుకోవడానికి మాత్రం నేల కావాలి. లేకపోతే తయారు చేసుకోవాలి.

ఇలాగే చెరకు కూలీలు వెళ్లిన మారిషస్ దీవిలో ఇదే పని కల చేసిపెట్టింది. 1897లో త్రియోలే ఊరి పూజారి ఒకాయనకు, కొండల మధ్య ఉన్న గ్రాండ్ బాసిన్ అనే సరస్సు నీళ్లు గంగలోంచి వస్తున్నాయని కల వచ్చింది. మరుసటి ఏడాది జనం కాలినడకన బయల్దేరారు. 1972లో గంగోత్రి దగ్గర గోముఖం నుంచి తెచ్చిన నీళ్లు అందులో కలిపి గంగా తలావ్ అని పేరు పెట్టారు. శివరాత్రికి ఇప్పుడు దీవి దీవంతా కదులుతుంది. ఆ సరస్సు అగ్నిపర్వతం నోరు. భూగోళశాస్త్రం దాని దారిన అది ఉంది, జనం వాళ్ల దారిన వాళ్లు నడుస్తున్నారు.

సరే, మరి రచయిత సంగతి? జనానికి పూజ మీద నమ్మకం ఉంది, కాబట్టి పని జరిగిపోతుంది. రచయితకు చాలాసార్లు ఆ నమ్మకం ఉండదు. ఇక్కడే అసలు ముడి. దీన్ని విప్పాలంటే నైపాల్ దగ్గరికి రావాల్సిందే, ఇష్టమున్నా లేకపోయినా. (నాకు మనిషిగా ఆయన మీద పెద్ద ప్రేమ లేదు. రాతగాడిగా మాత్రం తప్పించుకోలేం.)

1932లో చాగ్వానాస్‌లో పుట్టాడు. అమ్మమ్మ గారిల్లు లయన్ హౌస్, 1926లో తాతగారు కట్టించిన తెల్లటి కోటలాంటి ఇల్లు, ఇప్పటికీ మెయిన్ రోడ్డు మీద ఉంది. ఇంటినిండా పండితులే. అయినా తాను పుట్టుకతోనే నమ్మకం లేనివాణ్ణని, పూజలు మరీ పొడుగ్గా ఉండేవని, తిండి ఆఖర్న గానీ పెట్టేవాళ్లు కాదని, ఇండియా మీద రాసిన యాన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్ అనే పుస్తకంలో రాసుకున్నాడు. మనలో చాలామంది చిన్నప్పుడు సత్యనారాయణ వ్రతంలో కూర్చుని అనుకున్నదే. అదే పుస్తకంలో ఇంట్లో ఉన్న నులక మంచాల గురించి చెబుతాడు. ఇండియా నుంచి వచ్చినవి, చిరిగి వేలాడుతున్నాయి, ఎవరూ బాగుచెయ్యరు, ఎందుకంటే నులక అల్లే కులంవాడు ఆ దీవికి రాలేదు. పారేయనూ పారేయరు. ఒక్క మంచంలో వలస సంగతంతా చెప్పేశాడు.

తండ్రి సీపర్సాద్ కథ ఇంకా గట్టిది. ట్రినిడాడ్ గార్డియన్ పత్రికలో విలేకరి. 1933లో పశువులకు జబ్బు వస్తే రైతులు టీకాలు వేయించడం మానేసి కాళికి మేకను బలిస్తున్నారని, ఇదంతా మూఢత్వమని పేపర్లో రాశాడు. వెంటనే బెదిరింపు ఉత్తరం వచ్చింది: నువ్వూ బలి ఇవ్వు, లేకపోతే చస్తావు అని. మొదట్లో ఎగతాళి చేశాడు, చివరికి తానే మేకను బలిచ్చాడు. ఆ వార్త న్యూయార్క్ పత్రిక దాకా పాకింది. ఆ తర్వాత మనిషికి మతి చెదిరింది. అద్దంలో చూసుకుంటే తన ముఖం తనకు కనబడలేదని, కేకలు పెట్టాడని తల్లి చెప్పగా దాదాపు 40 ఏళ్ల తర్వాత కొడుకు తెలుసుకున్నాడు, 1984లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. ఆ దీవుల్లో కాళీమాయి పూజలు చాలావరకు మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్ల వెంట వెళ్లినవని చెబుతారు. అంటే మన పోలేరమ్మ, మారెమ్మల చుట్టాలే. గేదె పాలివ్వకపోయినా, దూడ నురగ కక్కినా ఆ తల్లి గుడి ముందుకే వెళ్లే ఆ రైతులకు అది తమ పొలానికి, తమ పశువుకు రక్ష. ఇంగ్లీషు పేపర్లో పనిచేసే మనిషికి అది మూఢత్వం. సీపర్సాద్ ఆ రెండింటి మధ్యలో నలిగాడు, తన ముఖం తనకు కనబడకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకాలా?

ఆ తండ్రే బిస్వాస్ అయ్యాడు, 1961లో వచ్చిన ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్ నవలలో. పుట్టగానే పండితుడు జాతకం చూసి పిల్లాణ్ణి నీళ్లకు దూరంగా ఉంచమంటాడు. చెరువులు, వాగులు ఉన్న పల్లెలో! పిల్లాడు దూడను కాస్తూ వాగు దగ్గర ఆడుకుంటాడు, దూడ మునిగిపోతుంది, భయపడి మంచం కింద దాక్కుంటాడు, కొడుకు మునిగాడేమోనని తండ్రి చెరువులోకి దూకి దూకి వెతికి చనిపోతాడు. పండితుడి మాట నిజమైనట్టా, ఆ మాట వల్లే ఇదంతా జరిగినట్టా? నైపాల్ తేల్చడు. తర్వాత ఆ భూమిలో చమురు పడుతుంది, చెరువు పోతుంది, గుడిసె పోతుంది, బిస్వాస్ పుట్టాడని చెప్పడానికి సాక్ష్యమే మిగలదు. మనిషికి నేల మీద మిగిలిన ఒకే ఒక్క గుర్తు పండితుడి నోటి మాట. ఇల్లు, ఇల్లు అని అతను నవలంతా ఎందుకు కొట్టుకుంటాడో ఇది గుర్తుంటే అర్థమవుతుంది.

1962లో నైపాల్ ఇండియా వచ్చాడు. గోరఖ్‌పూర్ దగ్గర తాతగారి ఊరికీ వెళ్లాడు. మన సినిమాల్లో అయితే అక్కడ వెనక వేణువు వినిపించాలి. ఇక్కడ జరిగింది తిరగబడింది. చుట్టాలు డబ్బడిగారు, కోర్టు వ్యాజ్యం గురించి చెప్పారు, ఇతను విసుక్కున్నాడు, ఆఖరికి జీపులో పట్నం దాకా ఎక్కించుకోమన్న కుర్రాణ్ణి నడిచి రమ్మని వదిలేసి పోయాడు. పూర్వీకుల నేల దొరికింది, లంకె మాత్రం పడలేదు. పడకపోవడమే సహజం అనిపిస్తుంది నాకు. ఆ ఊళ్లో అతను చెయ్యాల్సిన పని ఏదీ లేదు, పీట మీద కూర్చోలేదు, పిండం పెట్టలేదు, చూసిపోవడానికి వచ్చాడు. చూసిపోయేవాడికి ఏ ఊరైనా ఒకటే.

తర్వాత అసలైన మలుపు. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్‌కు చేరాడు. వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం స్టోన్‌హెంజ్ దగ్గర్లో, పాడుబడ్డ జమీందారీ ఎస్టేటులో ఒక చిన్న ఇంట్లో పదేళ్లకు పైగా ఉన్నాడు. దాని మీద రాసిన నవల, ది ఎనిగ్మా ఆఫ్ అరైవల్, 1987లో వచ్చింది. మొదటి నాలుగు రోజులూ వాన, ఎక్కడున్నాడో తెలీలేదు. గడ్డి దిబ్బల మీద మేస్తున్న ఆవులను చూస్తే అంతకుముందు చూసినట్టే ఉంది. ఎక్కడ? ట్రినిడాడ్‌లో చిన్నప్పుడు చూసిన కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా లేబులు మీద. వలస రాజ్యంలో పుట్టినవాడికి పరాయి నేల ముందు డబ్బా మీద, పాఠం పుస్తకంలో పరిచయమవుతుంది, నిజం నేల తర్వాత వస్తుంది. పక్కన జాక్ అనే పనివాడు తన తోట చూసుకుంటూ ఉంటాడు. కంచె కత్తిరించడం, మడి తవ్వడం, ఏ నెలకా పని ఆ నెలలో. ఇతను అనుకుంటాడు, జాక్ ఈ నేలలో అనాదిగా ఉన్న మనిషి, నేనే బయటివాణ్ణి అని. మెల్లగా తెలుస్తుంది జాక్ కూడా ఎక్కడినుంచో వచ్చి, పాత శిథిలాల మధ్య తన తోట తానే తయారు చేసుకున్నవాడని. జాక్ జబ్బు చేసి చావుకు దగ్గరయ్యాక కూడా క్రిస్మస్ ముందురోజు కారు వేసుకుని పబ్బుకు పోయి స్నేహితులతో ఆఖరి సాయంత్రం గడిపి వచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ తోట మీద సిమెంటు పోసేశారు.

ఈ నవలకు ఆఖరి అధ్యాయం విల్ట్‌షైర్‌లో జరగదు. 1984లో ట్రినిడాడ్‌లో చెల్లెలు సతి పోయింది. నైపాల్ వెళ్లేసరికి దహనం అయిపోయింది, ఆ తర్వాత ఇంట్లో జరిగిన కర్మకు కూర్చున్నాడు. పండితుడు మంత్రాలు, గీత, వేదాంతం కలగలిపి చెబుతున్నాడు. ఇంట్లోవాళ్లలో ఎవరికి ఎంత నమ్మకమో ఎవరికీ తెలీదు, అయినా పిండాలు పెడుతున్నారు. బయట చూస్తే చిన్నప్పటి పల్లెలు లేవు, హైవేలు పడ్డాయి, పక్క దీవుల నుంచి కొత్త జనం వచ్చారు. తాతలు చెరకు పొలాల మధ్య కట్టుకున్న పవిత్రమైన లోకం పోయింది, ప్రతి తరమూ దానికి ఇంకాస్త దూరం జరుగుతోంది, ప్రతి తరమూ తన లోకాన్ని మళ్లీ తయారు చేసుకోవాల్సిందే అని అక్కడ అర్థమవుతుంది. ఇంటికొచ్చి, అప్పటిదాకా చిత్తు కాగితాలతో తడబడుతున్నవాడు, జాక్ గురించి, జాక్ తోట గురించి గబగబా రాయడం మొదలుపెడతాడు. నవల అక్కడ ముగుస్తుంది. అంటే మనం అప్పుడే చదివిన పుస్తకం మొదలైన చోట.

ఇంగ్లీషు గడ్డి దిబ్బల గురించి రాయడానికి అతనికి దారి దొరికింది ట్రినిడాడ్ కర్మలో. నమ్మకం లేని మనిషికే. ఎందుకలా? నాకు తోచేది ఇది: కర్మలో కూర్చున్నప్పుడు నమ్మకం అడగరు, పని చెబుతారు. దర్భ పట్టుకో, నువ్వులు వదులు, నీళ్లు పొయ్యి. నేల మీద, చేత్తో, వరసప్రకారం. పోయిన మనిషికి మర్యాదగా ఒక చోటు ఇచ్చే పని. జాక్ తోటపని కూడా సరిగ్గా అలాంటిదే, వరస తప్పకుండా చేత్తో చేసేది. చెల్లెలి కర్మ చూశాకే జాక్ ఏం చేస్తున్నాడో నైపాల్‌కు కనబడింది. అంతకుముందు పదేళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉన్నా కూడా.

ఒక ముల్లు కూడా ఉంది ఇందులో, దాన్ని దాటెయ్యకూడదు. చాగ్వానాస్ అన్న పేరు అక్కడ ముందునుంచి ఉన్న ఆదిమ తెగది. ఆ తెగ మిగల్లేదు. చిన్నప్పుడు తనకు గానీ తనవాళ్లకు గానీ ఈ సంగతి తెలీదని, లండన్‌లో పాత కాగితాలు తిరగేస్తుంటే స్పెయిన్ రాజు 1625లో రాసిన ఉత్తరంలో వాళ్ల పేరు దొరికిందని నైపాల్ నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. కూలీలు పూజలతో తమది చేసుకున్న నేల మీద అంతకుముందు ఇంకెవరో తమ పూజలు చేసుకున్నారు. పిట్స్‌బర్గ్ నదుల పేర్లు కూడా అక్కడి ఆదివాసుల నోటినుంచి వచ్చినవే. కొత్తగా వచ్చినవాడి పూజ ఎంత అందంగా ఉన్నా పాతవాడి జాడ మీద పరిచిన చాప అది.

మూడో రకం గురించి కొంచెం. ఆగా షాహిద్ అలీ, 1949లో పుట్టిన కశ్మీరీ కవి, అమెరికాలో పాఠాలు చెప్పుకుంటూ ఇంగ్లీషులో రాశాడు. 1997లో తల్లి మసాచుసెట్స్ ఆసుపత్రిలో పోతే కుటుంబం ఆమెను శ్రీనగర్ తీసుకెళ్లి ఖననం చేసింది. ఆ ప్రయాణం మీద రాసిన దీర్ఘకవితలో కర్బలా, మొహర్రం, కశ్మీర్ లోయ, తల్లి మరణం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇక్కడ లెక్క తిరగబడింది. మొహర్రం శోకం ఏటా వచ్చేది, పదమూడు వందల ఏళ్ల కిందటిది, దానికి ఎక్కడైనా చోటుంటుంది. కశ్మీర్‌కే చోటు లేదు. తుపాకుల మధ్య ఉన్న ఊరి దుఃఖాన్ని చెప్పడానికి ముందునుంచీ ఉన్న శోకం వరసలు అతనికి దారి ఇచ్చాయి. 2001 డిసెంబరులో అతనూ పోయాడు, అతన్ని మాత్రం మసాచుసెట్స్‌లోనే పూడ్చారు.

ఇక మన సంగతి. తెలుగువాళ్లు మారిషస్‌కు కోరంగి, విశాఖ రేవుల నుంచి వెళ్లారు. అక్కడ తెలుగు చాలా ఇళ్లల్లో మాట్లాడే భాషగా పోయింది, ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ నడుస్తుంది. రామభజనం పోలేదు, సింహాద్రి అప్పన్న పూజ పోలేదు, అమ్మోరు పండగ పోలేదు, ఉగాది ప్రభుత్వ సెలవు. భూమధ్యరేఖకు కింద ఉంది కాబట్టి అక్కడ ఉగాదికి వసంతం రాదు, ఎండాకాలం వెళ్లిపోతూ ఉంటుంది. సంక్రాంతికి సూర్యుడు ఉత్తరానికి తిరగడమంటే వాళ్లకు దూరం జరగడమే. పంచాంగం ఒకటి చెబుతుంది, ఆకాశం ఇంకోటి చూపిస్తుంది. ఇంత మంచి ముడిసరుకు ఉన్న చోటు నుంచి తెలుగులో ఒక పెద్ద నవల మన చేతికి రాకపోవడం ఎందుకో ఆలోచించాలి. హిందీలో అభిమన్యు అనత్ 1977లో లాల్ పసీనా రాశాడు, మారిషస్ చెరకు తోటల కూలీల బతుకంతా అందులో ఉంది. మనకు భజన మిగిలింది, దాన్ని చూసి రాసే భాష ఇంట్లోంచి వెళ్లిపోయింది. వలసంటే విదేశమే అనుకోనక్కర్లేదు కూడా, సోలాపూర్, భీవండి మగ్గాల దగ్గరికి పోయిన పద్మశాలీలు అక్కడ బతుకమ్మ పేరుస్తూనే ఉన్నారు.

అమెరికా తెలుగు కథది వేరే ఇబ్బంది. 1990ల నుంచి సంకలనాలు వస్తున్నాయి, మంచి కథలూ ఉన్నాయి. కానీ చాలావాటిలో నేల కనబడదు. ఎయిర్‌పోర్టు కనబడుతుంది, బేస్‌మెంటు కనబడుతుంది, ఆరు నెలల వీసా మీద వచ్చి బోరు కొట్టి కూర్చున్న అమ్మానాన్న కనబడతారు. మంచు పడుతుంది గానీ పాత్రకు దిగులేసినప్పుడే పడుతుంది. పండగ వస్తే ఊళ్లో పండగ గుర్తొస్తుంది. ఊరు కథలో నిండుగా ఉంటుంది, తాను పాతికేళ్లుగా ఉంటున్న కౌంటీలో ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో ఒక్క ముక్క ఉండదు. వెళ్లినవాళ్లు వెనక్కి రావచ్చన్న ధీమా ఉన్నంతకాలం ఈ లంకె పడదేమో. టికెట్టు ఉన్నవాడికి సముద్రంలో రాళ్లు పోసే అవసరం ఏముంది?

జనం మాత్రం ఈ పని ఎప్పుడో మొదలుపెట్టేశారు. బతుకమ్మనే తీసుకోండి. వానలు వెలిశాక చెరువులు నిండి, గట్ల మీద తంగేడు, గునుగు విరగబూసినప్పుడు వచ్చే పండగ. నేల లేకుండా దానికి అర్థమే లేదు. డల్లాస్‌లో తంగేడు ఎక్కడ దొరుకుతుంది? చామంతులు, బంతులు కొంటారు. గునుగును నర్సరీలో సెలోషియా పేరుతో అమ్ముతారని కనిపెట్టినవాళ్లు పెరట్లోనే పెంచుకుంటారు, ఆకులు రాలే కాలానికి అందేలా లెక్క చూసుకుని నాటుతారు. చాలా పార్కుల చెరువుల్లో పూలు వదలనివ్వరు, అందుకని పార్కింగ్ లాట్ పక్కన గాలి కొట్టిన పిల్లల ఈతకొలను పెట్టి, పైపుతో నీళ్లు నింపి, అందులో బతుకమ్మను వదిలి, ఆ రాత్రే ఆ పూలన్నీ ఏరి చెత్త సంచుల్లో కట్టి హాలు ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ కొలను ఎవరు కొన్నారు, నీళ్లకు ఎవరిని అడిగారు, ఆ పూలు ఎత్తి సంచిలో వేసేటప్పుడు పెద్దావిడ ఒకామె వద్దని అడ్డం పడిందా, వాలంటీరు కుర్రాడు ఏం చెప్పాడు, అక్కడ పుట్టిన పిల్ల వచ్చే ఏడు అసలు చెరువు చూపిస్తానంటే నమ్మిందా లేక తనకు ఈ కొలనే బాగుందందా? ఊళ్లో చెరువు మీద మనకు కావలసినన్ని కథలున్నాయి. ఈ గాలికొలను మీద ఒకటి ఎవరైనా రాస్తే చదవాలని ఉంది, అదీ పాటకు ముందు వచ్చే దిగులుతో కాకుండా, నీళ్లు నింపడానికి ఎంతసేపు పట్టిందన్న దగ్గర మొదలుపెట్టి.